'ఒక్క ఈత అయ్యాక చూద్దాం' అంటున్నారా?

మీ ఇంట్లో ఆడకుక్కో, ఆడపిల్లో ఉందా? 'ఒక్కసారి ఈననీ, తర్వాత ఆపరేషన్ చేయిద్దాం' అనుకుంటున్నారా? ఈనితేనే ఆరోగ్యమన్నది అపోహ. పైగా పుట్టిన పిల్లలన్నింటికీ ఇళ్లు దొరకవు. ఒంటిమిట్ట లాంటి చిన్న ఊళ్లో మిగిలినవి చేరేది కడప రోడ్డు మీదకే.

ఎందుకు మంచిది?

ఆడకుక్క సాధారణంగా 6-12 నెలల మధ్య తొలిసారి ఎదకు వస్తుంది. ఆలోపే ఆపరేషన్ చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుతుంది. గర్భసంచికి చీము పట్టే పయోమెట్రా భయమూ ఉండదు. ఆపరేషన్ కాని కుక్క ఎద తగ్గిన కొన్ని వారాలకు తిండి మానేసి, నీళ్లు అతిగా తాగుతూ, వాంతులు చేసుకుంటుంటే ఆలస్యం చేయొద్దు. అది ప్రాణాంతకం.

పిల్లులు 4-5 నెలలకే ఎదకు రావచ్చు. చూలు సుమారు 9 వారాలే. పాలిస్తుండగానే మళ్లీ చూలు కట్టగలవు కూడా.

మగవాటికి వృషణాలు తీసేస్తే ఆ క్యాన్సర్ రాదు. ఎద వాసనకు ఇల్లు వదిలి తిరగడం, కొట్లాటలు తగ్గుతాయి. అయితే కరిచే గుణం పోతుందన్న హామీ లేదు.

ఎప్పుడు, ఎక్కడ?

పిల్లులకు 5 నెలల లోపు, చిన్న జాతి కుక్కలకు 6 నెలల ప్రాంతంలో చేయించవచ్చు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటివాటికి ఎదుగుదల పూర్తయ్యే దాకా ఆగమని డాక్టరు చెప్పవచ్చు. ముందుగా దగ్గరలోని పశువుల ఆసుపత్రిలో అడగండి. మన జిల్లాలో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది. వేసవైతే తెల్లవారుజామునే బయలుదేరండి. మూసిన కారులో వదలొద్దు.

ఇంటికొచ్చాక...

* కుట్లు నాకకుండా 10-14 రోజులు మెడకు కోన్ ఉంచండి. స్నానం, గెంతులు వద్దు.
* కుట్ల దగ్గర వాపు, చీము, రక్తం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి.
* మన నొప్పి మాత్రలు వేయకండి. పారాసెటమాల్ పిల్లికి విషం.
* తర్వాత బరువు పెరుగుతాయి కాబట్టి తిండి కాస్త తగ్గించండి. పెరుగన్నమైనా కొలిచి పెట్టండి.

ఇది మన బాధ్యత కూడా. పెంపుడు జంతువుల సంతాన నియంత్రణ, టీకాలు యజమాని చూసుకోవాల్సినవేనని 2023 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఆపరేషన్ చేయించినా ఏటా రేబిస్ టీకా మాత్రం మానొద్దు.