ఆకారం మారితే మందు నడకా మారుతుంది

ఆపరేషన్ తర్వాత కొన్ని రకాల కుట్లు విప్పనక్కర్లేదు. వాటంతట అవే కరిగిపోతాయి. అలాంటి దారాల్లో కొన్ని లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలను గొలుసులా కలిపి చేసిన పాలిమర్‌వి. పెరుగుకు పులుపునిచ్చేది ఈ లాక్టిక్ ఆమ్లమే.

ఇదే పాలిమర్‌ను సన్నని పొడిగా చేసి, అందులో మందు దాచి సూది ద్వారా ఎక్కిస్తే, అది మెల్లగా కరుగుతూ మందు వదులుతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు నెలకోసారి ఇచ్చే ఇలాంటి ఇంజక్షన్‌కు 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది. రోజూ సూది వేయించుకునే బాధ తప్పింది. బస్సెక్కి పట్నం వెళ్ళవలసిన రోగికి ఇది చిన్న మేలు కాదు.

ఇంకా సన్నని రేణువులతో నెత్తురు ద్వారా మందు పంపాలంటే మాత్రం ఒక చిక్కుంది. మన ఒంట్లో మాక్రోఫేజ్‌లనే కాపలా కణాలున్నాయి. పరాయి రేణువు కనిపిస్తే మింగేస్తాయి. మందు చేరవలసిన చోటికి చేరదు.

ముంబైలో రసాయన ఇంజనీరింగ్ చదివి అమెరికాలో స్థిరపడిన సమీర్ మిత్రగోత్రి, జూలీ చాంపియన్‌తో కలిసి 2006లో ఒక సంగతి తేల్చారు. బఠాణీలా గుండ్రంగా ఉన్న రేణువును ఆ కణం మింగుతుంది. చిక్కుడు గింజలా బల్లపరుపుగా ఉన్నదాన్ని కొసవైపు తాకితే మింగుతుంది. వెడల్పు వైపు తాకితే దానిమీద పాకుతుందే గాని మింగలేదు.

మరి కావలసినప్పుడు ఆకారం మారితే? 2010లో మిత్రగోత్రి, జిన్ ఊక్ యూ అదీ చేసి చూపారు. గుండ్రని రేణువులను పలచని పొరలో పొదిగి, మెత్తబరచి, సాగదీశారు. ఆ తర్వాత పొరను నీళ్ళలో కరిగించారు. బల్లపరుపు రేణువులు మిగిలాయి.

చారు మీద నూనె చుక్క గుండ్రంగానే నిలుస్తుంది. అంచును లోపలికి లాగే బలమే అందుకు కారణం. రేణువుకూ ఆ బలం ఉంది. కానీ పాలిమర్ ముదురు పాకంలా గట్టిగా ఉంటే కదలనివ్వదు. చుట్టూ ఉన్న నీటిలో ఆమ్లం పెరిగితే రేణువు పైనున్న గొలుసుల కొసలు రసాయనికంగా మారి నీటికి ఎడమవుతాయి. లాగే బలం పెరిగి రేణువు గుండ్రబడుతుంది. వేడితోనూ ఈ మార్పు తేవచ్చు. నిమిషాల్లో జరగాలా, రోజులు పట్టాలా అన్నదీ ముందే నిర్ణయించవచ్చు.

అంతవరకు మింగలేకపోయిన కాపలా కణం, ఆకారం మారగానే రేణువును మింగేసింది.

ఇది ప్రయోగశాలలో కణాల మీద సాధించిన ఫలితం. రోగికిచ్చే మందు కాదు. అయినా మందులో ఏముందన్నదే కాదు, అది ఏ ఆకారంలో వెళుతుందన్నదీ లెక్కలోకి తీసుకోవాలని ఈ పరిశోధన తేల్చింది.