ఎందుకు తాగాడో అడిగారా?

ఇంటర్ చదువుతున్న కొడుకు నోటి నుంచి మొదటిసారి మందు వాసన వస్తే ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది. ముందు చెంప మీద దెబ్బ, తర్వాత ఏడుపు, ఆపైన "మీ నాన్నకు తెలిస్తే చంపేస్తాడు" అనే బెదిరింపు. ఇల్లంతా గోల అవుతుంది గానీ "ఎందుకు తాగావురా?" అని నిమ్మళంగా అడిగేవాళ్ళు అరుదు. అసలు కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

మా కొండపాక వంటి ఊళ్ళలో పిల్లలకు తాగుడు కొత్త సంగతి కాదు. బోనాలకు కల్లు సాక పోస్తాం. పెండ్లయినా, చావయినా దావత్‌లో సీసా ఉండాల్సిందే. "గింత కల్లు తాగితే ఏమైతది, సలువ చేస్తది" అంటూ పెద్దవాళ్ళే పసివాడి నోటికి అందిస్తారు. 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మకూడదని మన రాష్ట్రంలో చట్టం ఉంది. బెల్టు షాపులో వయసు అడిగేదెవరు?

అయినా చూసిన పిల్లలంతా తాగరు. తాగినవాళ్ళంతా ఒకేలా తాగరు. ఈ తేడాను పరిశీలించిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లిన్ కూపర్, టీనేజి పిల్లల తాగుడు వెనుక నాలుగు కారణాలు ఉంటాయని 1994లో వివరించారు.

మొదటిది నలుగురితో సరదా. ఎక్కువమంది పిల్లలు చెప్పేది ఇదే. పండక్కో, పుట్టినరోజుకో కలిసినప్పుడు తాగుతారు, మిగతా రోజుల్లో ఆ ఊసెత్తరు. రెండోది కిక్కు. మోతాదు మించిపోయేది ఎక్కువగా వీళ్ళకే. ఆ మత్తులో రాజీవ్ రహదారి మీదకు బండి తీస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? మూడోది వెలివేస్తారన్న భయం. "మొగోనివి కావారా?" అన్న ఎగతాళి పడలేక గ్లాసు పట్టుకుంటాడు. ఒక్కడే ఉంటే ముట్టడు. నాలుగోది బాధ మరచిపోవడం. పరీక్ష తప్పడం, ఇంట్లో రోజూ కొట్లాటలు, మనసు విరిగిపోవడం... ఏదైనా కావచ్చు. ఇలాంటివాడు ఒంటరిగానూ తాగుతాడు. కొంచెమే తాగినా, దిగులు కలిగినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. వ్యసనంలోకి జారే ప్రమాదం ఇక్కడ ఎక్కువ.

కారణం వేరైనప్పుడు మందూ వేరే. సరదాగా తాగేవాడి విషయంలో, దావత్‌లో గ్లాసు అందించే మేనమామను ముందు ఆపండి. కిక్కు కోరేవాడికి ఒళ్ళు అలిసే కబడ్డీ, వాలీబాల్ చూపించండి, బండి తాళం మీ దగ్గర పెట్టుకోండి. భయపడేవాడికి "వద్దు" అనడం నేర్పండి. "మా అమ్మ వాసన చూస్తది" అనే సాకైనా సరే, పని చేస్తుంది. బాధతో తాగేవాణ్ణి మాత్రం కొట్టకండి. అది మరో బాధ అవుతుంది. పక్కన కూర్చుని వాడు చెప్పేదంతా వినండి. మీ వల్ల కాకపోతే టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు.

1992లో దూబగుంట మహిళలు సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం ఊరూరా పాకి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. 1997లో దాన్ని సడలించగానే దుకాణాలు మళ్ళీ తెరుచుకున్నాయి. ఆనాడు ఆడవాళ్ళు నిలదీసింది మగవాళ్ళ తాగుడిని. ఇవాళ మనం కొడుకును నిలదీస్తే, "నాయిన తాగుత లేడా?" అని ఎదురడుగుతాడు. ఆ ప్రశ్నకు తల్లి ఒక్కతే జవాబు చెప్పలేదు. కొడుకును కూర్చోబెట్టి అడిగే ముందు, ఆ మాట వాళ్ళ నాన్నతో తేల్చుకోండి.