అబ్బాయి అమెరికాలో... నలికిరి అమ్మ దగ్గర!

పూలకుండీ పక్కకి జరపగానే కంచు రంగులో నిగనిగలాడుతూ సర్రున జారిపోయే చిన్న ప్రాణిని మీరు చూసే ఉంటారు. నలికిరి అంటాం, కొన్నిచోట్ల నలికండ్ల పాము అంటారు. నిజానికది పాము కాదు, బల్లికి చుట్టం. పొట్టివే అయినా నాలుగు కాళ్లున్నాయి, విషం లేదు. పురుగుల్నీ బొద్దింకల్నీ తిని మనకి మేలే చేస్తుంది. పేరు చివర 'పాము' తగిలించినందుకు పాపం, చీపురు దెబ్బలు తింటుంది.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివట. సినిమావాళ్లు మద్రాసు నుంచి వచ్చి ఇళ్లు కట్టుకోకముందు ఈ రాళ్ల సందులన్నీ నలికిరి కాపురాలే. 1998లో జాతీయ పార్కు అయిన కేబీఆర్ పార్కులో వీటికి ఇంకా చోటుంది. అలాగని పిల్లలు ముచ్చటపడ్డారని అక్కణ్ణుంచి పట్టుకొచ్చేరు సుమా! జాతీయ పార్కులోంచి ఏ ప్రాణినీ తేకూడదు.

నేను చెప్పబోయేది ఈ మన నలికిరి గురించి కాదు, దాని విదేశీ దాయాది గురించి. బ్లూ టంగ్ స్కింక్ అని పేరు. ఆస్ట్రేలియా, ఇండోనేషియా దీని పుట్టిళ్లు. మూర పొడుగుంటుంది. బెదిరిస్తే నోరు తెరిచి, సిరా పోసినట్టున్న నీలం నాలుక బయటపెడుతుంది. ఫిల్మ్‌నగర్‌లో మా అక్కయ్య ఇంట్లో ఒకటుంది. మావాడు ఇంజనీరింగ్ చదువుతుండగా తెచ్చుకున్నాడు. చదువయ్యాక ఎమ్మెస్‌కని అమెరికా వెళ్లిపోయాడు. అది మా అక్కయ్యకి మిగిలింది.

"పెళ్లాన్ని వదిలి వెళ్లినట్టు వదిలి వెళ్లాడే" అంటుంది అక్కయ్య. నవ్వొచ్చినా, ఆ మాటలో లెక్కుంది. సరిగ్గా చూసుకుంటే ఇది పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. కుక్క కంటే ఎక్కువ. కొనేటప్పుడు ఈ సంగతి ఇంట్లో ఆడవాళ్లని ఎవరడుగుతారు?

మొదటిసారి పెంచేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది దాని వేడి సంగతి. పాకే జంతువులకి ఒంట్లో సొంత వేడి పుట్టదు. అందుకని నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పున్న పెట్టెలో ఒక చివర దీపం కింద 35 నుంచి 38 డిగ్రీలు, రెండో చివర 25కి అటూ ఇటూ ఉండాలి. వేడెక్కాలంటే ఇటు, చల్లబడాలంటే అటు అదే నడుస్తుంది. దీంతోపాటు అతినీలలోహిత కిరణాలిచ్చే ట్యూబులైటూ కావాలి. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టక ఎముకలు మెత్తబడి వంకర్లు పోతాయి. మన ఊళ్లో చలికాలం పరవాలేదు, దీపం ఉంది. మే నెలలోనే చిక్కు! గదే నలభైకి చేరితే చల్లని చివర ఎక్కణ్ణుంచొస్తుంది? మా బావగారు తన కోసం ఏసీ వెయ్యరు గానీ దాని కోసం వేస్తారు.

తిండి దగ్గర మాత్రం పేచీ లేదు. ఉడికించిన గుడ్డు, పురుగులు, నత్తలు, గుమ్మడికాయ ముక్కలు, ఆకుకూరలు... అన్నీ తింటుంది. పెద్దదానికి వారానికి రెండుమూడుసార్లు పెడితే చాలు. ఉల్లిపాయ, అవకాడో కూడదు. మందారపువ్వంటే ప్రాణం. పొద్దున్నే పూసిన మందారాల్లో ఒకటి దేవుడికి, ఒకటి దీనికి. ఏది ముందనే విషయంలో అక్కయ్యకీ అత్తగారికీ ఇంకా రాజీ కుదరలేదు. ముట్టుకున్నాక మాత్రం సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే. వీటి ఒంటిమీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అయిదేళ్లలోపు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

పిల్లల్ని పెట్టించాలనే సరదా కొత్తవాళ్లకి తొందరగా పుడుతుంది. మన తోటలో నలికిరి గుడ్లు పెడుతుంది గానీ, ఇది ఏకంగా పిల్లల్నే కంటుంది. మూడు నాలుగు నెలలు మోసి, ఒక్క కాన్పులో పదీ పదిహేను! ఆడదేదో, మగదేదో పైకి చూసి చెప్పడం కష్టం. రెంటినీ ఎప్పుడూ ఒకే పెట్టెలో ఉంచకూడదు. జత కట్టేటప్పుడు మగది ఆడదాని మెడ పట్టి కొరుకుతుంది, గాయాలవుతాయి. పుట్టిన పిల్లలు కూడా ఒకదాని కాలు, తోక ఒకటి కొరికేస్తాయి కాబట్టి దేని పెట్టె దానికే. దేని దీపం దానికే. కరెంటు బిల్లు ఊహించుకోండి!

చట్టం సంగతీ చూసుకోవాలి. ఆస్ట్రేలియా తన ప్రాణుల్ని వ్యాపారానికి బయటికి పంపనివ్వదు. మన వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం అంతర్జాతీయ జాబితాలో ఉన్న విదేశీ ప్రాణిని పెంచుతుంటే పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. పిల్లలు పుట్టినా, ప్రాణి చచ్చిపోయినా తెలపాలి. బ్లూ టంగ్‌లో కొన్ని రకాలు ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి కొనేముందే అది ఏ రకమో, ఎక్కణ్ణుంచొచ్చిందో కాగితం అడగండి. కాగితం లేదంటే బేరం వద్దు.

మొన్న మావాడి స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. వాళ్లింట్లో ఆడది ఉందట. "ఆంటీ, జత కలుపుదామా? పిల్లల్ని చెరిసగం పంచుకుందాం" అన్నాడు.

"సగమంటే ఏడెనిమిది. ఇరవై ఏళ్లు చూస్తావా నాయనా?" అంది అక్కయ్య.

"నాకూ వీసా వచ్చింది ఆంటీ" అన్నాడా అబ్బాయి.

"మరి మీ దాన్నెవరు చూస్తారు?"

"మా అమ్మ."

అక్కయ్య వాళ్లమ్మగారి నంబరు అడిగి రాసుకుంది.