రాజు గారికి నచ్చిన పాట

రాజు గారికి ఏ పాట ఇష్టమైతే మనకేంటి అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. కానీ అది ఆయన సొంత విషయం కాదు. మనలాంటి వాళ్ళకి ఒక పాట నచ్చితే ఇంకోసారి పాడమంటాం, అంతే. రాజుకి నచ్చితే పాడినవాడికి జీతం వస్తుంది, ఉండటానికి ఇల్లు వస్తుంది, శిష్యులు చేరతారు. రాజు చెవిన పడని పాట ఊళ్ళోనే ఉండిపోతుంది. అందుకే పాలకుల సంగీతాభిరుచి గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు సాంఘికశాస్త్రంలో మనం చదువుకున్న అబ్రహాం లింకన్ సంగతి చూద్దాం. ఈయన 1861 నుండి 1865 వరకు అమెరికా అధ్యక్షుడు. ఏ వాయిద్యమూ వాయించటం రాదు గానీ పాట వినటమంటే ప్రాణం. 1863లో తెరెసా కరేన్యో అనే తొమ్మిదేళ్ళ పాప ఆయన ఉండే వైట్‌హౌస్‌లో పియానో వాయించింది. 1865 ఏప్రిల్ 9న అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. మర్నాడు జనం బ్యాండుమేళంతో లింకన్ దగ్గరికి వచ్చారు. ఆయన 'డిక్సీ' అనే పాట వాయించమన్నాడు. అది శత్రువులు పాడుకునే పాట! ఆ పాట తనకి ఎప్పుడూ ఇష్టమేనని కూడా అందరిముందూ చెప్పాడు. నాలుగు రోజులకే, ఏప్రిల్ 14న, ఆయన్ని కాల్చేశారు. ఓడినవాళ్ళ పాటని కూడా మన పాటే అనటానికి పెద్ద మనసు కావాలి.

లింకన్ పాట విన్నాడే గానీ కొలువు పెట్టి పాటగాళ్ళని పోషించలేదు. మన వైపు అదే శతాబ్దంలో సంస్థానాల పద్ధతి వేరు. రాజులు, జమీందారులు కవులనీ గాయకులనీ కొలువులో ఉంచుకునేవారు. మన యానాంలో పెరిగిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు కూడా దివాకర్ల తిరుపతిశాస్త్రి గారితో కలిసి సంస్థానాలు తిరిగి అవధానాలు చేసినవారే.

ఆ సంస్థానాల్లో సంగీతానికి పెట్టింది పేరు విజయనగరం. అక్కడి ప్రభువు ఆనంద గజపతి (1850-1897). ఆయన కొలువులో వీణ విద్వాంసులు ఉండేవారు. ఆ వంశం వారికి కాశీలో కూడా భవనం ఉండేది. అందుకని ఉత్తరాది హిందుస్థానీ సంగీతం కూడా వాళ్ళకి కొత్త కాదు. ఆయనకి నాటకాల సరదా కూడా ఎక్కువ. 1892లో గురజాడ వారి 'కన్యాశుల్కం' మొదట ఆడింది విజయనగరంలోనే. అక్కడికి దగ్గరలో బొబ్బిలి ఉంది. ఆ పక్క గొల్లపల్లిలో వీణలు చేస్తారు. ఒకే పనస మానుని తొలిచి చేస్తారు కాబట్టి దాన్ని 'ఏకాండి వీణ' అంటారు. మన కొండల మీద పనస తొనలు తినే మనకి ఆ కర్రలో వీణ ఉందని ఎవరు చెప్పారు?

ఆనంద గజపతి కొలువులో గొప్ప పేరు ఆదిభట్ల నారాయణదాసు గారిది (1864-1945). ఈయన్ని హరికథా పితామహుడు అంటారు. శ్రీరామనవమి పందిళ్ళలో హరికథ మీరు చూసే ఉంటారు. ఒక్క మనిషే మెడలో పూలదండ, కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలతో కథ చెబుతాడు, పాడతాడు, ఆడతాడు. దాసు గారు రెండు చేతులతో, రెండు కాళ్ళతో, తలతో ఐదు వేరువేరు తాళాలు ఒకేసారి వేసేవారట. అనుమానం ఉన్నవాళ్ళు రెండు చేతులతో రెండు తాళాలు వేసి చూడండి. తెలుస్తుంది!

ఇక అసలు సంగతి. కోటలో పాడే పాట కోటలోవాళ్ళకే వినపడుతుంది. ఆ తర్వాత వచ్చిన విజయరామ గజపతి ఒక అడుగు ముందుకు వేశారు. గంగరాజు అనే చూపులేని కుర్రాడు సంగీతం నేర్చుకుంటానంటే, వాడొక్కడికి ఒక మేష్టారుని పెట్టి ఊరుకోవచ్చు. అలా చెయ్యకుండా 1919లో సంగీత పాఠశాలే పెట్టారు. దానికి మొదటి ప్రిన్సిపాలు నారాయణదాసు గారు. చూపు సరిగా లేని ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ చేరదామని వచ్చారు. ఆయన వయొలిన్ విని, విద్యార్థిగా కాదు, గురువుగా ఉండమన్నారు. 1936లో ఆయనే ప్రిన్సిపాలు అయ్యారు.

ఘంటసాల గారు చదివింది కూడా అక్కడే. చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆదరించి సంగీతం చెప్పారు. కానీ తిండి? జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అన్నం అడిగేవారు. దాన్ని మధుకరం అంటారు. మనకైతే బెల్లు కొట్టగానే పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడితే చాలు. గాయని పి. సుశీల గారు కూడా ఆ బడిలో నేర్చుకున్నవారే.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి. కొలువులు పోయాయి. ఆ బడి మాత్రం పోలేదు. ఇప్పుడది ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. నాకు దీంట్లో అర్థమైంది ఏంటంటే, అభిరుచి ఒక్కడి దగ్గర ఉంటే వాడితోనే పోతుంది, బడి అయితే నిలుస్తుంది.

మరి మన పాటలకి బడి ఏది? వాటికి రాజులు జీతాలివ్వలేదు. అవ్వలూ తాతలే కాపాడారు. సకిని రామచంద్రయ్య గారు అనే కోయ కళాకారుడు డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. అది పుస్తకంలో చూసి పాడేది కాదు, నోటికి వచ్చిన చరిత్ర. 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన చనిపోయారు. అలాంటి పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే వాళ్ళ పాటలూ వెళ్ళిపోతాయి.

మన హాస్టల్లో కోయ పిల్లలున్నారు, కొండరెడ్డి పిల్లలున్నారు. రాత్రి దీపాలు ఆర్పాక గొంతు తగ్గించి పాడుకునే పాటలు ఎన్నో. పగలు అడిగితే "మాకేం రావు" అంటాం. సిగ్గెందుకు? సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక్కొక్కరం ఒక్క పాట నేర్చుకుని రాసుకొద్దాం. కింద ఎవరు నేర్పారో, ఏ ఊరో కూడా రాద్దాం. వార్డెన్ గారికి నా మనవి ఒకటే. ఆదివారం సాయంత్రం ఒక గంట ఆ పాటలకి ఇప్పించండి సార్. ఒక డోలు ఉంటే ఇంకా మంచిది. విజయనగరంలో ఒక్క కుర్రాడు అడిగితే బడి వచ్చింది. ఇక్కడ అడిగేవాళ్ళం చాలామందిమి ఉన్నాం.