సరుకు బండికి బ్రేకు ప్యాడ్లు, డిస్కులు: ఎంపికలో మెలకువలు



ఎడ్లబండి రోజుల్లో దిగుడు వచ్చిందంటే పగ్గం బిగబట్టేవాళ్లం. ఎడ్లు బరువును మెడమీద ఆపుకుంటూ అడుగులో అడుగు వేసి దిగేవి. ఇప్పుడు మదనపల్లె టమాటా అయినా, గుంటూరు యార్డుకు పోయే మిరప బస్తాలయినా పికప్ బండిమీదనే పోతున్నవి. రాత్రివేళ పీలేరు దాటి భాకరాపేట ఘాటు దిగే బండిని ఒక్కసారి తలచుకోండి. వెనుక టన్నున్నర సరుకు, ముందు డ్రైవరు, అతని పక్కన రైతు. ఆ బరువును పట్టి ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాల దగ్గర ఉన్న నాలుగు ప్యాడ్లది, రెండు ఇనుప డిస్కులది. చాలా పికప్పులకు వెనుక డ్రమ్ము బ్రేకులు ఉంటాయి గాని, బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు తూలుతుంది గనుక ముందు బ్రేకులమీదనే భారం ఎక్కువ.

కాబట్టి ప్యాడ్లు, డిస్కులు మార్చేటప్పుడు మొదట చూడవలసింది ధర కాదు. మీ బండి మోసే బరువు, అది దిగే దిగుడు చూడాలి.

బ్రేకు చేసే పని ఏమిటి? బండి పరుగును రాపిడితో వేడిగా మార్చడం. వేగం రెండింతలయితే బ్రేకు మింగవలసిన వేడి నాలుగింతలవుతుంది. అంటే 40 కిలోమీటర్ల వేగంలో ఆపడం వేరు, 80లో ఆపడం వేరు. బరువు పెరిగినా వేడి పెరుగుతుంది. వేడి హద్దు మీరితే ప్యాడు పట్టు సడలిపోతుంది. అప్పుడు పెడలు గట్టిగానే తగులుతుంది, బండి మాత్రం ఆగదు. ఘాటు రోడ్లలో ప్రమాదాలకు ఇదొక కారణం.

ప్యాడ్లు ఎప్పుడు మార్చాలి? ఇనుప రేకును వదిలేసి, దానికి అతికించిన రాపిడి పదార్థం మందం మాత్రమే కొలవాలి. అది 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే సమయమైనట్టే. బండి తయారీవారి పుస్తకంలో ఇంకా ఎక్కువ చెప్పి ఉంటే దానినే పాటించండి. కొన్ని ప్యాడ్లకు చిన్న రేకు అమర్చి ఉంటుంది. ప్యాడు అరిగినప్పుడు ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఆ కేకను పెడచెవిని పెట్టకండి. గరగరమని ఇనుము ఇనుమును గీరే చప్పుడు వచ్చేదాకా ఆగితే ప్యాడ్లతోపాటు డిస్కులూ పోతాయి.

ఇక ప్యాడ్ల రకాలు. లోహం లేని మెత్తని రకం చప్పుడు చేయదు, వెల తక్కువ. కాని తొందరగా అరుగుతుంది, ఎక్కువ వేడికి తాళలేదు. ఉక్కు పీచు, లోహపు పొడి కలిపిన సెమీ మెటాలిక్ రకం వేడికి బాగా తట్టుకుంటుంది. కొంచెం చప్పుడు ఉంటుంది, డిస్కును కాస్త ఎక్కువ అరగదీస్తుంది. సెరామిక్ రకం నిశ్శబ్దంగా ఉంటుంది, దుమ్ము తక్కువ, ఖరీదు ఎక్కువ. అది ఎక్కువగా కార్లకు వాడే రకం. బరువు మోసే బండికి తయారీవారు చెప్పిన రకమే వేయించాలి. అందులో రెండు మూడు రకాలు ఉంటే బరువుకూ, ఘాటుకూ సెమీ మెటాలిక్ మేలు. ఆస్బెస్టాస్ లేనిదని అట్టపెట్టెమీద రాసి ఉన్నదే కొనండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. ప్యాడు ఏదైనా సరే, బ్రేకు దుమ్మును నోటితో ఊదకూడదు, గాలి పైపుతోనూ కొట్టకూడదు. తడిగుడ్డతో తుడవాలి.

డిస్కుమీద కనీస మందం అంకె పోతపోసి గాని, చెక్కి గాని ఉంటుంది. స్క్రూగేజీతో నాలుగైదు చోట్ల కొలిపించండి. ఉదాహరణకు దానిమీద 22 మిల్లీమీటర్లు అని ఉండి, మీ డిస్కు 21.5 ఉన్నదనుకోండి. పైకి ఎంత నున్నగా కనిపించినా అది పనికిరాదు. పలచబడిన డిస్కు తొందరగా వేడెక్కుతుంది, పగలవచ్చు. లేతు మీద పట్టించేటప్పుడు కూడా పట్టిన తరువాత మందం కనీసం కంటె ఎక్కువ మిగలాలి. బ్రేకు వేసినప్పుడు స్టీరింగు గాని పెడలు గాని అదురుతున్నదంటే డిస్కు మందం అంతటా ఒకటిగా లేదని అనుమానించాలి. పాత డిస్కు నడుమ గాలి సందులు ఉంటే కొత్తదానికీ ఉండాలి. అందానికి చిల్లులు పెట్టిన డిస్కులు సరుకు బండికి వద్దు. ఎక్కువ వేడికి ఆ చిల్లుల దగ్గరే బీటలు పుడతాయి.

జత కుదరని ఎడ్లను ఒక కాడికి కడితే బండి ఒక పక్కకు లాగుతుంది గదా! బ్రేకులూ అంతే. ఎడమవైపు మారిస్తే కుడివైపూ మార్చాలి. ప్యాడ్లయినా, డిస్కులయినా ఇదే నియమం.

విత్తనాలు కొనేటప్పుడు సంచికి ట్యాగు, చేతికి బిల్లు అడుగుతాం. ఇక్కడా అదే జాగ్రత్త కావాలి. మోడలు, తయారైన సంవత్సరం, ఛాసిస్ నెంబరు చెప్పి, పార్టు నెంబరు సరిపోల్చుకుని, బిల్లుతో కొనండి.

బిగించేటప్పుడు మెకానిక్కు పక్కనే నిలబడండి. కొత్త డిస్కుమీది నూనె పూతను బ్రేకు క్లీనరుతో కడిగించండి. డిస్కు కూర్చునే చోట తుప్పు గీకించండి. కాలిపరు జారే పిన్నులకు మామూలు గ్రీజు వద్దు, వేడికి తాళే బ్రేకు గ్రీజే రాయాలి. పని అయ్యాక బండి కదిలించక ముందే పెడలును గట్టిపడేదాకా పదేపదే తొక్కాలి. ఇది మరిచిపోతే మొదటి బ్రేకుకు పెడలు అడుగంటా పోతుంది.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు దిగుతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి చేరి పెడలు మెత్తబడిపోతుంది. అందుచేత రెండేళ్లకొకసారి మార్పించండి. మూత తెరిచి ఉంచిన డబ్బాలోది పోయనీయకండి.

కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడడానికి మొదటి 200 నుంచి 300 కిలోమీటర్లు తక్కువ బరువుతో, అవసరమైతే తప్ప గట్టి బ్రేకు వేయకుండా నడపండి. కాబట్టి ఈ పని కోతల హడావిడికి ముందే చేయించుకోవడం మంచిది.

చివరిగా ఒక మాట. ఎంత మంచి ప్యాడ్లు వేసినా ఘాటు దిగేటప్పుడు న్యూట్రల్ చేయకండి. తక్కువ గేరులో దిగితే ఇంజనే బండిని సగం పట్టి ఉంచుతుంది, బ్రేకు చల్లగా ఉంటుంది. ఈ వారంలో ఒక పూట చక్రాలు విప్పించి మీ ప్యాడ్ల మందం కొలిపించండి. పంటకు ధర ఈ వారం కాకపోతే వచ్చే వారం వస్తుంది. బండిలో కూర్చున్నవాళ్లు ఇంటికి చేరడం ముఖ్యం.