నేలను తొలుచుకునే గడ్డి

శుక్రవారం సాయంత్రానికల్లా ముఖచిత్ర కథనం చేతికి రావాలన్నారు ఎడిటర్ గారు. విషయం: నారాయణఖేడ్ వైపు గడ్డి. గరిక, దర్భ, వట్టివేరు అంటూ రాయడానికి బోలెడుంది. కానీ పందిముళ్ల గడ్డి గింజ ఒక్కటి అరచేతిలో పెట్టుకుని చూశాక మిగతావాటి మీద ఆసక్తి పోయింది.

దీని శాస్త్రనామం హెటెరోపోగాన్ కంటార్టస్. గుట్టల మీద, మొరం నేలల్లో కుదుళ్లుగా పెరిగే దేశీ బహువార్షిక గడ్డి. మీటరు దాకా ఎదుగుతుంది. ఎండలకు పైనంతా ఎండినా మొదలు చావదు, తొలకరికి చిగురేస్తుంది. కంకిలో కిందివరస పూలకు తోకలుండవు, వాటికి గింజ కట్టదు. పైవరసలో గింజ కట్టే ప్రతి పువ్వుకూ నల్లటి పొడవాటి తోక ఉంటుంది. దాన్ని శాస్త్రపుస్తకాలు శూకం అంటాయి. పండే వేళకు ఈ తోకలన్నీ ఒకదానితో ఒకటి పెనవేసుకుని జడలా తయారవుతాయి.

గింజ అడుగున సూదిమొన, మొన చుట్టూ వెనక్కి వాలిన గట్టి నూగు. రాలిన గింజ మీద మంచు పడితే తోక కింది భాగం పురి విప్పుకుంటుంది, ఎండ కాయగానే మళ్లీ పురి పడుతుంది. ఆ కణాల గోడల్లో సెల్యులోజ్ పోగులు ఏటవాలుగా అల్లుకుని ఉండటమే కారణం. తడికి ఉబ్బితే ఒక వైపు, ఆరితే ఇంకో వైపు తిరుగుతాయి. తోక పైభాగం గడ్డిపరకకో రాయికో ఆనుకుంటే తిరగాల్సింది గింజే. మొన మట్టిలోకి దిగుతుంది, వెనక్కి రాకుండా నూగు పట్టి ఉంచుతుంది. బతికున్న కణం ఒక్కటీ లేని తోక రేయీపగలూ ఇలా దుక్కి దున్నుతుంది. నమ్మకపోతే ఎండిన గింజ మీద నీటిబొట్టు వేసి చూడండి.

గొర్రె ఒంటిమీద పడ్డా అది చేసే పని ఇదే. గొంగడి నేతకు ఉన్ని ఇచ్చే దక్కనీ గొర్రెకు బాధ మరీ ఎక్కువ. ఉన్నిలో చిక్కిన గింజ తోలు గుచ్చుకుని లోపలికి పోతుంది, మేసేటప్పుడు గుచ్చుకుంటే నోట్లో పుళ్లు పడతాయి. అదే గడ్డి పూతకు ముందు మంచి మేత!

చరిత్ర రెండు ముక్కల్లో: 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి తొలుత ఆండ్రోపోగాన్ కంటార్టస్ అని పేరు పెట్టాడు. 1876లో చార్లెస్ డార్విన్ కొడుకు ఫ్రాన్సిస్, స్టైపా అనే గడ్డి తోక ఎలా పురి తిరుగుతుందో పరిశోధించి పత్రం ప్రచురించాడు. మన గడ్డి తోకదీ అదే ఏర్పాటు.

పక్క ముచ్చట్లు: హవాయి దీవుల్లో దీన్ని పిలి అంటారు, ఒకప్పుడు అక్కడి ఇళ్ల పైకప్పులు దీనితో కప్పేవారు. గుట్టకు నిప్పంటుకుంటే పైగడ్డి కాలుతుంది, మట్టిలో దిగిన గింజ బతుకుతుంది. చాలామటుకు దీని గింజలోని పిండం ఫలదీకరణ లేకుండానే ఏర్పడుతుంది.

గడ్డి గుట్ట కనబడితే బంజరనడం, గుంతలు తీసి మొక్కలు నాటేయడం మనకు అలవాటైంది. చెట్టు మీద నాకేం కోపం లేదు. కానీ మొరం కొట్టుకుపోకుండా పట్టి ఉంచే కుదుళ్లను పెకలించి అక్కడే మొక్క నాటడం తెలివైన పని కాదు. ఈ గుట్టలను గడ్డికే వదలండి. మేతకు కోసుకునేవాళ్లు కంకి వేయకముందే కోసుకోండి.