శుభం కార్డు తరువాత కథ

మన సినిమాల్లో నాయకుడు తాళి కట్టగానే శుభం కార్డు పడుతుంది. పెళ్లయి, బిడ్డ పుట్టిన తరువాతే అసలు ప్రేమకథ మొదలయ్యే సినిమా ఒకటుందని మా ఫిల్మ్ సొసైటీ వారు ‘సన్‌రైజ్’ వేసినప్పుడు తెలిసింది. ఆ రోజు నేను వెళ్ళింది కళాభిరుచితో కాదు, హాస్టల్లో కరెంటు పోయి.

1927లో అమెరికాలో ఫాక్స్ సంస్థ తీసిన మూగచిత్రం ఇది. దర్శకుడు జర్మనీ నుంచి వచ్చిన మూర్నౌ. రైతుగా జార్జ్ ఒబ్రయన్, భార్యగా జానెట్ గేనర్. పాత్రలకు పేర్లు లేవు. పట్నం నుంచి వచ్చిన ఒకామె మోజులో పడి రైతు ఇల్లు గుల్ల చేసుకుంటాడు, గొడ్డూగోదా అప్పులవాళ్ళ పాలవుతాయి. (మా ఇంట్లోంచీ ఒకసారి ఎడ్లు అలాగే వెళ్ళాయి. కారణం మాత్రం వానలు.) పొలం అమ్మేసి రమ్మంటుంది ఆమె. మరి భార్య? నీళ్ళలో మునిగిపోకూడదా అంటుంది. ఆ మాట తెరమీద అక్షరాలుగా పడి, ఆ అక్షరాలే కరిగి కిందికి జారిపోతాయి.

పడవ బోల్తా కొట్టించి తాను జమ్ము కట్ట పట్టుకుని తేలాలన్నది పథకం. జమ్ము కాడల్లో గాలి అరలుంటాయి గనుక నీటి మీద తేలుతుంది. మా ఊరి పిల్లలు సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చుకునే సూత్రమే. తీరా సమయానికి అతనికి చేతులాడవు. ఒడ్డు చేరగానే ఆమె పరుగెత్తి ట్రామ్ ఎక్కేస్తుంది, అతనూ వెంటపడి ఎక్కుతాడు. పట్నంలో ఎవరిదో పెళ్లి జరుగుతున్న చర్చిలో కూర్చుంటారు. పూజారి వరుడికి చెబుతున్న మాటలు వింటూ ఇతను భోరుమంటాడు. బయటికి వచ్చేటప్పుడు వీళ్ళే కొత్త దంపతుల్లా ఉంటారు! ఒకరినొకరు చూసుకుంటూ నడుస్తుంటే చుట్టూ ఉన్న రోడ్డు పూలతోటగా మారిపోతుంది, మళ్ళీ కార్ల హారన్లతో రోడ్డయిపోతుంది. రెండు దృశ్యాలను ఒకే ఫ్రేములో కలిపి చేసిన పని అది. ఆ పట్నం కూడా స్టూడియో సెట్టే. వెనుక భవనాలను చిన్నవిగా కట్టి, దూరాన పొట్టి మనుషుల్ని నిలబెట్టి మన కంటిని నమ్మించారు. 1929లో మొట్టమొదటి ఆస్కార్ ఛాయాగ్రహణ బహుమతి రోషర్, స్ట్రస్ అనే ఈ చిత్ర ఛాయాగ్రాహకులిద్దరికీ వచ్చింది.

తిరుగు ప్రయాణంలో తుఫాను. అదే జమ్ము కట్టను భర్త ఇప్పుడు భార్య ఒంటికి కడతాడు. సంగీతం ఫిలిం అంచునే ముద్రించి ఉంది గాని మాటలు లేవు. అతను చీకట్లో ఆమెను పిలిచే కేక కొమ్ము వాద్యంలో వినబడుతుంది. ఆ అరుపు నన్ను వారం రోజులు వదల్లేదు. మూలమైన జూడర్‌మన్ కథలో భర్త మునిగిపోతాడు. సినిమాలో ఇద్దరూ బతుకుతారు.

భార్య ఒక్క పూటలో క్షమించడం మా గదిలో ఎవరికీ మింగుడుపడలేదు. సెలవుల్లో చేనుగట్టు మీద మా అమ్మకు కథంతా చెప్పాను.

“చంపబోయినోడితో మళ్ళీ అదే పడవెక్కిందా?” అంది.

“ఎక్కిందమ్మా. తుఫాను రాకముందు అతని మీద వాలి నిద్ర కూడా పోయింది.”

అమ్మ చేతిలో కొడవలి ఆపింది.

“నిద్ర పట్టిందీ?” అని మళ్ళీ అడిగింది.